ఉచిత కరెంటు, ఎండే బోరు: ఖర్చు ఎవరి ఖాతాలో?

ప్రశ్న – జవాబు శీర్షిక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీరు, కాలుష్యం, ప్రభుత్వ విధానాల చుట్టూ తిరిగినవే. ఒక్కో మనిషి, ఒక్కో సంస్థ నిర్ణయాలు ఎలా తీసుకుంటాయో చదివే సూక్ష్మ అర్థశాస్త్రం ఈ సమస్యలకు ఏ మేరకు పనికొస్తుందో అడిగిన నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. మొదటి దానికి ఎక్కువ చోటు కేటాయించక తప్పలేదు.

ప్రశ్న: మాకు నాలుగెకరాల పొలం, రెండు బోర్లు ఉన్నాయి. యాసంగిలో వరి వేస్తే మార్చి వచ్చేసరికి ఒక బోరు ఆగి ఆగి పోస్తోంది. ఉచిత కరెంటు వల్లే నీళ్లు అడుగంటుతున్నాయని, మోటారుకు మీటరు బిగించి బిల్లు వసూలు చేస్తే తప్ప రైతుకు బుద్ధి రాదని కొందరు రాస్తుంటే చదివి మనసు కష్టపెట్టుకున్నాను. అర్థశాస్త్రం చెప్పేది కూడా ఇదేనా?
— ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: కాదు. అర్థశాస్త్రం చెప్పేదాంట్లో సగం పట్టుకుని మిగతా సగం వదిలేసిన వాదన అది. అయితే ఆ పట్టుకున్న సగంలో నిజం ఉంది కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

ఎకరం యాసంగి వరికి నాటు నుంచి కోత దాకా సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పారించాలనుకుందాం. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు నీరు నిలవాలంటే 4,047 లీటర్లు పోయాలి, కాబట్టి పంట మొత్తానికి 48 లక్షల లీటర్ల పైమాటే. ఆ నీటిని 200 అడుగుల లోతు నుంచి పైకి తేవడానికి, మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే, దాదాపు 2,000 యూనిట్లు కాలుతాయి. ఒక యూనిట్‌ను మీ ట్రాన్స్‌ఫార్మర్ దాకా చేర్చడానికి డిస్కంకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థకు, ఏడు రూపాయలు అవుతుందని లెక్క వేసుకుంటే, ఆ ఎకరం వరి వెనుక 14,000 రూపాయల కరెంటు ఉంది. అదే మడిలో 500 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే ఆరుతడి పంట వేస్తే ఈ ఖర్చు ఆరువేల లోపే ఉంటుంది. నీటిమట్టం 400 అడుగులకు దిగిపోతే రెండు ఖర్చులూ రెట్టింపవుతాయి. మడిలో పోసిన నీటిలో కొంత తిరిగి భూమిలోకే ఇంకుతుందన్న మాట నిజమే కానీ, దాన్ని పైకి తోడిన కరెంటు మాత్రం తిరిగి రాదు.

ఏ పంట వేయాలా అని మీరు ఆలోచించే రోజున మీ లెక్కలో ఈ పద్నాలుగు వేలూ లేవు, ఆ ఆరువేలూ లేవు. మరో గంట మోటారు నడిపితే మీ జేబు నుంచి పోయేది సున్నా. ఇలా అదనంగా తోడే ప్రతి గంటకూ అయ్యే ఖర్చునే అర్థశాస్త్రంలో ఉపాంత వ్యయం అంటారు. నిర్ణయం తీసుకునే మనిషికి ఆ వ్యయం సున్నాగా కనిపిస్తే, చివరి గంట నీటి వల్ల పంటకు కలిగే లాభం కూడా సున్నాకు చేరేదాకా అతను తోడుతూనే ఉంటాడు. ఇందులో బుద్ధి లేకపోవడమేమీ లేదు. తనకు కనిపిస్తున్న లెక్క ప్రకారం ఆ రైతు సరిగ్గానే నడుచుకుంటున్నాడు.

రెండో ఖర్చు కరెంటు కంటే పెద్దది, అది అసలు ఎవరి బిల్లులోనూ కనిపించదు. తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గట్టి రాతి నేల. గ్రానైటు వంటి రాళ్ల పైపొర శిథిలమై వదులైన చోట, కింద పగుళ్లున్న చోట మాత్రమే నీరు నిలుస్తుంది. ఆ పగుళ్లకు సర్వే నంబర్లతో పనిలేదు. మీ బోరు లాగిన నీరు పక్క పొలం బోరుకు అందకుండా పోవచ్చు. కానీ 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వచ్చిన అవగాహన ప్రకారం, తన నేల కింది నీటిని తోడుకునే హక్కు ఆ నేల యజమానిదే. కాబట్టి ఈరోజు మీరు వదిలిపెట్టిన నీరు రేపటికి మీకు మిగులుతుందన్న హామీ లేదు. పక్కవాళ్లు తోడేస్తారు. అలాంటప్పుడు పొదుపు చేసినవాడే నష్టపోతాడు. అందరూ ఒకే కుండలో గొట్టాలు వేసి తాగుతున్నప్పుడు నెమ్మదిగా తాగమని ఒక్కడికే చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఈ పోటీ చివరికి బోర్ల మీదికి పోతుంది. డ్రిల్లింగు, కేసింగ్, మోటారు, పైపులు, కేబుల్ అన్నీ కలిపితే లక్ష దాటే ఖర్చును, నీళ్లు పడతాయో లేదో తెలియకుండానే, తరచుగా వడ్డీకి తెచ్చి పెడుతున్నారు. కరెంటు ఉచితమే, కానీ నీరు ఉచితం కాలేదు. కరెంటు బిల్లుగా కట్టని డబ్బును రైతు బోరు అప్పుగా కడుతున్నాడు. ఈ విషయంలో నాకున్న ఆవేదన ఇదే.

ఇక వదిలేసిన సగం సంగతి. మీటరు పెట్టి ఏడు రూపాయలు వసూలు చేస్తే వాడకం తగ్గుతుంది, నిజమే. కానీ అదే దెబ్బకు ఎకరానికి వేల రూపాయల ఆదాయం పోతుంది. కాలువ కింది రైతుకు ప్రభుత్వమే ఆనకట్టలు కట్టి, ఎత్తిపోతలు నడిపి దాదాపు ఉచితంగా నీరు ఇస్తున్నప్పుడు, సొంత డబ్బుతో బోరు వేసుకున్న మెట్ట రైతు దగ్గర మాత్రమే పూర్తి ధర వసూలు చేయడం న్యాయం కాదు. సబ్సిడీ ఎందుకు పుట్టిందో కూడా గుర్తుంచుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఇంతని రేటు పెట్టి మీటర్ల గొడవ తీసేసింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. ప్రతి అడుగూ కాలువ అందని రైతుకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దాలన్న డిమాండు నుంచే వచ్చింది.

గంటలు కోస్తే నీరు మిగులుతుందన్న ఆశ కూడా పెద్దగా ఫలించలేదు. కరెంటు విడతలవారీగా, అర్ధరాత్రి వచ్చే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే, మడికి నీరు అవసరమున్నా లేకపోయినా, ఒకే సరఫరా లైను (ఫీడరు) మీద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా నడిచేవి. ఆ తాకిడికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. 24 గంటల సరఫరా ఇచ్చేటప్పుడు ఆ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను పదేపదే కోరడానికి కారణం ఇదే.

మరి దారి ఏది? సూక్ష్మ అర్థశాస్త్రం ఇక్కడ ఒక మంచి విభజన నేర్పుతుంది. రైతు ఆదాయాన్ని కాపాడే సాయం వేరు, అదనపు యూనిట్‌కు రైతు కంటికి కనిపించే ధర వేరు. ఈ రెండింటినీ ఒకే తాడుతో కట్టనవసరం లేదు. పంజాబ్‌లో 2018లో కొన్ని ఫీడర్ల మీద ‘పానీ బచావో, పైసా కమావో’ అనే పథకం మొదలుపెట్టారు. రైతుకు ఇన్ని యూనిట్లని ఒక వాటా నిర్ణయిస్తారు. వాటాలోపల వాడుకుంటే, మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు రైతు ఖాతాలో వేస్తారు. బిల్లు మాత్రం ఎవరికీ రాదు. ఇప్పుడు అదనంగా ఒక గంట మోటారు నడిపితే రైతుకు పోయేది సున్నా కాదు, దాదాపు నాలుగు యూనిట్లు తాగే 5 హార్స్‌పవర్ మోటారుకైతే పదిహేను రూపాయలు. సాయం తగ్గలేదు, నీటి విలువ మాత్రం కంటికి కనిపించింది. మీటరు పేరు చెప్పగానే ఉలిక్కిపడే రైతుకు అది వసూలు యంత్రంగా కాకుండా జమ యంత్రంగా ఎదురుపడటం చిన్న విషయం కాదు.

దీన్ని మన దగ్గర అమలు చేయాలంటే రెండు చిక్కులు తీరాలి. మొదటిది నమ్మకం. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోటార్లకు మీటర్లు పెట్టి, సబ్సిడీని రైతు ఖాతాలోకి పంపే విధానం ప్రకటించి శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు, ‘ఈరోజు మీటరు, రేపు బిల్లు’ అన్న భయం రాష్ట్రమంతా వినిపించింది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకూడదు. ఎప్పుడైనా ఆగిపోగల నగదు జమ కంటే, తీగలో వచ్చే ఉచిత కరెంటే రైతుకు గట్టి హామీ. రెండోది కౌలు రైతు. కనెక్షన్ భూయజమాని పేరు మీద ఉంటుంది, నీరు మిగిల్చే కష్టం కౌలుదారుది. పొదుపు డబ్బు యజమాని ఖాతాలో పడితే కౌలుదారు మోటారు ఎందుకు ఆపుతాడు? తెలంగాణలో రైతుబంధు విషయంలో జరిగిన ఈ పొరపాటు మళ్లీ జరగకూడదు.

మీ ఉత్తరంలో మీరు రాయని ఒక విషయాన్ని కూడా కలపాలి. మీరు వరి వేస్తున్నది నీరు ఉచితమని మాత్రమే కాదు. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు గింజ అమ్ముడవుతుందన్న నమ్మకం వరికి ఉన్నంతగా మొక్కజొన్నకు, కందికి లేదు. 2024 వానాకాలం నుంచి తెలంగాణలో సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ఇస్తున్నారు. ఒక చేత్తో వరి వైపు లాగుతూ, మరో చేత్తో నీరు పొదుపు చేయమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆరుతడి పంటలకు అదే గట్టి కొనుగోలు దొరికితే, మీటరు ఊసే లేకుండా ఎంతో నీరు మిగులుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: పన్ను వేసి కాలుష్యాన్ని తగ్గించాలన్న ఆర్థికవేత్త పిగూ వాదన, హక్కులు స్పష్టంగా ఉంటే ఇరుపక్షాలూ మాట్లాడుకుని పరిష్కరించుకుంటాయన్న కోస్ వాదన మాకు పాఠ్యాంశాలు. భూగర్భ జలాల విషయంలో ఈ రెండింటిలో ఏది నిలుస్తుంది?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండూ ఒంటరిగా నిలవవు. ఆర్థర్ పిగూ 1920లో చెప్పిన పన్ను వేయాలంటే ఎవరు ఎంత తోడారో, దానివల్ల ఎవరికి ఎంత నష్టం జరిగిందో ప్రభుత్వానికి తెలియాలి. లక్షల బోర్ల దగ్గర అది సాధ్యం కాదు. రోనాల్డ్ కోస్ 1960 నాటి వ్యాసంలో పశువులు పక్క రైతు పంటలో పడి మేసే ఉదాహరణ తీసుకున్నాడు. పశువును కంటితో చూడవచ్చు, మేసిన పంటను కొలవవచ్చు, మాట్లాడుకోవలసినవాళ్లు ఇద్దరే. భూమి కింది నీటిలో ఎవరి వాటాను ఎవరు తోడారో కనపడదు, మాట్లాడుకోవలసినవాళ్లు వందమంది. ఆ వందమందినీ కూర్చోబెట్టి ఒప్పించే శ్రమ, ఆ ఒప్పందాన్ని నిలబెట్టే ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి బేరం అసలు మొదలే కాదు. ఇలాంటి లావాదేవీల వ్యయం లేనిచోటే తన వాదన పూర్తిగా వర్తిస్తుందని కోస్ స్వయంగా చెప్పాడు. పాఠ్యపుస్తకాలు ఈ ముక్కను తొందరగా దాటేస్తాయి.

మీరు చదవవలసిన మూడో పేరు ఎలినార్ ఆస్ట్రం. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె. ఆమె పరిశోధన మొదలైంది కూడా భూగర్భ జలాలతోనే. లాస్ ఏంజెలెస్ దగ్గరి వెస్ట్ బేసిన్‌లో అందరూ అతిగా తోడటం వల్ల సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంటే, అక్కడి వాడుకదారులు తోడటానికి పరిమితులు ఎలా ఏర్పరచుకున్నారన్నదే 1965లో పూర్తయిన ఆమె సిద్ధాంత గ్రంథం. ఉమ్మడి వనరు నాశనం కావడమే దాని రాత అన్న నమ్మకాన్ని ఆమె అంగీకరించలేదు. వాడుకదారులే హద్దులు గీసుకుని, కొలతలు తామే తీసుకుని, ఉల్లంఘనలకు తగినంత శిక్ష తామే నిర్ణయించుకున్న చోట ఆ వనరులు తరాల తరబడి నిలిచాయని చూపించారు.

మన నేల మీద దీనికి దగ్గరి నిదర్శనం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే కార్యక్రమం 2010 వరకు నడిచింది. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ ఆ జిల్లాలు. రైతులు, వారిలో చాలామంది పెద్దగా చదువుకోనివాళ్లు, వానమాని దగ్గర వర్షాన్ని, ఎంపిక చేసిన బోర్లలో టేపు దించి నీటిమట్టాన్ని కొలిచి రిజిస్టరులో రాసేవారు. వానాకాలం ముగిశాక ఊరంతా కూర్చుని, భూమిలోకి చేరిన నీరెంత, యాసంగికి ఎవరెవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి, లోటు ఎంత అన్న పంట నీటి బడ్జెట్ వేసేవారు. సబ్సిడీ లేదు, జరిమానా లేదు, వరి వేయవద్దన్న ఆంక్ష కూడా లేదు. ఎవరి నిర్ణయం వారిదే. అయినా చాలాచోట్ల రైతులు వరి విస్తీర్ణం తగ్గించుకుని తక్కువ నీటి పంటలకు మళ్లారు. తన బోరు ఈ ఏడాది మార్చిలోనే ఆగిపోబోతోందని నవంబరులోనే తెలిసిన రైతు అప్పుచేసి వరి నాటడు. ఇక్కడ మారింది ధర కాదు, సమాచారం. కనిపించని నీటిని అంకెల్లో కనిపించేలా చేశారు. కోస్ చెప్పిన బేరం మొదలు కావడానికి కావలసిన మొదటి సరుకు అదే.

అయితే ఇలాంటి కట్టుబాటు ఒక ఊరికి, ఒక చిన్న వాగు పరీవాహకానికి సరిపోతుంది. ఊరి బయట ఉన్న పెద్ద వాడుకదారు, ఉదాహరణకు నీళ్ల ట్యాంకర్ల వ్యాపారి, ఆ బడ్జెట్ సమావేశంలో కూర్చోడు. అక్కడ చట్టం రావాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే మనం వాల్టా అని పిలిచేది, ఆ అధికారాన్ని ఇచ్చింది. వాడటమే తక్కువ.

ప్రశ్న: మా దగ్గరి ఫ్యాక్టరీలు జరిమానా కడుతూనే మురికిని వాగులోకి వదులుతున్నాయి. సూరత్‌లో కాలుష్యానికి మార్కెట్ పెడితే మంచి ఫలితం వచ్చిందని చదివాను. ఆ పద్ధతి నక్కవాగుకు పనికొస్తుందా?
— పటాన్‌చెరు పాఠకుడు

జవాబు: సూరత్‌లో జరిగింది మెచ్చుకోదగినదే, కానీ నక్కవాగుకు ఆ మందు వద్దు. కారణం చెబుతాను.

గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సూరత్‌లోని 300కు పైగా పరిశ్రమలతో ప్రయోగం ప్రారంభించింది. వీటిలో ఎక్కువ భాగం బొగ్గు కాల్చే బట్టల మిల్లులు. వాటి పొగ గొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు బిగించి, అందులో సుమారు సగాన్ని మార్కెట్‌లో చేర్చి, మిగతావాటిని పాత పద్ధతిలోనే ఉంచి పోల్చారు. మార్కెట్‌లోని మిల్లులన్నీ కలిపి ఇంత ధూళిని మించి వదలకూడదని మొత్తం మీద పరిమితి పెట్టి, దాన్ని అనుమతి పత్రాలుగా పంచారు. కిలో ధూళిని తక్కువ ఖర్చుతో తగ్గించగలిగిన మిల్లు ఎక్కువగా తగ్గించి మిగిలిన అనుమతులను అమ్ముకుంది. ఎక్కువ ఖర్చయ్యే మిల్లు కొనుక్కుంది. మార్కెట్‌లో ఉన్న మిల్లుల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది, తగ్గించడానికి అయ్యే ఖర్చు కూడా దిగింది. జరిమానాతో పోలిస్తే తేడా ఏమిటంటే, జరిమానా పట్టుబడినప్పుడే పడుతుంది. ఇక్కడ వదిలిన ప్రతి కిలోకూ లెక్క ఉంది.

ఈ పద్ధతి పని చేయడానికి ఒక షరతు ఉంది. ఏ గొట్టం నుంచి వచ్చినా కిలో ధూళి ఊరి గాలికి చేసే హాని ఇంచుమించు ఒకటే కావాలి. నక్కవాగులో అలా కాదు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పటాన్‌చెరు ప్రాంతంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అంత గాఢతలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టి పెరుగుతాయి. ఒకసారి పుట్టాక అవి వాగు కలిసే మంజీరా నదితో ఆగవు. ఇలాంటి విషాన్ని వదిలే అనుమతిని ఒక ఫ్యాక్టరీ మరో ఫ్యాక్టరీ నుంచి కొనుక్కుని ఒకే చోట పోస్తే, మొత్తం పరిమితి దాటకపోయినా ఆ వాగు చచ్చిపోతుంది.

1974లో ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ ఇచ్చిన సూత్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. పరిమితి కాస్త దాటినా హాని మెల్లగా పెరిగే చోట పన్ను వంటి ధర వేయడం మేలు. ఒక గీత దాటగానే హాని ఒక్కసారిగా పెరిగే చోట పరిమాణం మీదే గట్టి కట్టడి మేలు. యాంటీబయోటిక్ అవశేషాలు రెండో కోవలోవి. కాబట్టి ప్రతి గొట్టం దగ్గరా, ప్రతి మందుకూ లీటరుకు ఇంత మించరాదన్న పరిమితి ఉండాలి. దాన్ని అమ్ముకునే వీలు ఉండకూడదు.

గుజరాత్ నుంచి మనం తెచ్చుకోవలసింది మరొకటి ఉంది. అక్కడ పరిశ్రమలు తమను తనిఖీ చేసే ఆడిటరును తామే ఎంచుకుని, తామే జీతం ఇచ్చేవి. ఆడిటర్ల నివేదికల్లో చాలా అంకెలు పరిమితికి సరిగ్గా కింద గుమిగూడి ఉండేవి. 2009 నుంచి రెండేళ్లపాటు కొన్ని పరిశ్రమలకు ఆడిటరును చీటీ తీసినట్లు కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి జీతం ఇచ్చి, కొన్ని కొలతలను మరొకరితో తిరిగి తీయించారు. నివేదికలు నిజానికి దగ్గరయ్యాయి. ఆ తర్వాత ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని కూడా తగ్గించుకున్నాయి. తనిఖీ చేసేవాడికి అన్నం పెట్టేది ఎవరన్న ఒక్క ప్రశ్నను మార్చినందుకు ఇంత ఫలితం వచ్చింది. నక్కవాగు కోసం మీరు అర్జీ పెట్టదలిస్తే, జరిమానా పెంచమని అడిగేకంటే ముందు ఇది అడగండి.

ప్రశ్న: ప్లాస్టిక్ సంచికి మూడు నాలుగు రూపాయలు తీసుకుంటే జనం మారతారా? చిన్న రుసుముతో పనవుతుందా?
— గృహిణి, గుంటూరు

జవాబు: అది ఎలా పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఐర్లాండ్‌లో 2002లో సంచికి 15 సెంట్ల పన్ను పెడితే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. మరోవైపు ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాలకు ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రుల మీద చిన్న జరిమానా వేస్తే ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయని 2000లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అంతదాకా టీచరమ్మను ఇబ్బంది పెడుతున్నామన్న మొహమాటం ఉండేది. డబ్బు కట్టాక అది కొనుక్కున్న సేవ అయిపోయింది. జరిమానా ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు.

ఐర్లాండ్‌లో అలా జరగకపోవడానికి కొన్ని కారణాలు కనిపిస్తాయి. రుసుమును దుకాణాదారు తన లాభంలో కలుపుకోకుండా బిల్లులో విడిగా చూపాలి. ఆ డబ్బు పర్యావరణ నిధికి వెళుతుంది. సంచి ఇంటి నుంచి తెచ్చుకోవడం కష్టమైన పని కాదు కాబట్టి మారడానికి అందరికీ వీలుంది. కొన్నేళ్లకు వాడకం మళ్లీ కొంచెం పెరగడం గమనించి 2007లో పన్నును 22 సెంట్లకు పెంచారు. మీ మున్సిపాలిటీ ఇలాంటి రుసుము తేవాలనుకుంటే, ఆ మొత్తం బిల్లులో వేరుగా కనిపించాలన్న నిబంధనను, అది ఏ ఖాతాకు చేరుతుందో ఏటా ప్రకటించాలన్న నిబంధనను మొదటి రోజు నుంచే పెట్టమని మీ వార్డు సభలో కోరండి.